ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి ఒక ప్రాంతాన్ని నిలబెట్టాలంటే: అరకు కాఫీ ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం, అనగానే మనకు గుర్తొచ్చేవి శంషాబాద్ ఎయిర్‌పోర్టు, హైదరాబాద్ మెట్రో, హైవే మీద టోల్ గేట్లు. వేల కోట్లు, బండెడు కాగితాలు, ఢిల్లీ నుంచి వచ్చే లాయర్లు. అవేవీ లేని చోట, నాలుగైదు మండలాల్లో, అక్కడి సరుకు మీద అక్కడివాళ్లే బతికేలా కలెక్టరాఫీసునూ కంపెనీనీ బ్యాంకునూ రైతు సంఘాన్నీ కలపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ వ్యాసం రైతు ఉత్పత్తిదారుల సంఘాల డైరెక్టర్లు, చాంబర్ సభ్యులు, సర్పంచులు, కొత్తగా పోస్టింగులో చేరిన అధికారుల కోసం.

ఉదాహరణగా ఎక్కువగా అరకు కాఫీనే తీసుకుంటున్నాను. మనవైపు ప్రభుత్వ సంస్థలు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, విదేశీ కొనుగోలుదార్లు ఇన్నేళ్లు ఒకే పంట చుట్టూ పనిచేసిన చోటు ఇంకొకటి తొందరగా గుర్తురాదు. అందరూ ఒకరితో ఒకరు సఖ్యంగా ఉన్నారని కాదు, పోటీలూ పడ్డారు. ఆ పోటీ వల్ల రైతుకు మేలే జరిగిందని నా అభిప్రాయం.

మొదటి అడుగు: చిక్కు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి

"మా ప్రాంతం అభివృద్ధి చెందాలి" అని కలెక్టర్‌కు వినతిపత్రం ఇస్తే అది ఫైల్లోకి పోతుంది. ఒక సరుకు, ఆ సరుకు ప్రయాణంలో ఎక్కడ డబ్బు జారిపోతోందో ఒక చోటు. అంతవరకు కుదించండి.

కాఫీ సంగతే చూద్దాం. పండిన ఎర్ర పండ్లు సుమారు ఐదారు కిలోలు ఉంటే ఒక కిలో శుభ్రమైన గింజ వస్తుంది. పండును కోసిన రోజే పల్పింగ్ చేయాలి, అంటే మిషన్‌లో వేసి పై తొక్క తీయాలి. మర్నాటికి మిగిలితే పులిసిపోయి రుచి చెడుతుంది. పల్పింగ్‌కు ముందు పండ్లను నీళ్ల తొట్టిలో పోస్తారు. మంచివి మునుగుతాయి, తాలువి తేలుతాయి, తేలినవాటిని పక్కకు తీసేస్తారు. తొక్క తీసిన గింజను పులియబెట్టి, కడిగి, బల్లల మీద ఆరబెట్టి తేమ పది పదకొండు శాతానికి తెస్తే పార్చ్‌మెంట్ కాఫీ అవుతుంది. అదే పండును తొక్కతో సహా ఇంటి ముందు మట్టి నేల మీద ఎండబెడితే చెర్రీ కాఫీ. ధర బాగా తక్కువ.

మరి రైతు రెండోదే ఎందుకు చేస్తాడు? ఆ ఊళ్లో మిషన్ ఉండదు, కొండమీద చాలినన్ని నీళ్లుండవు. ఆరబెట్టే వారం రోజులూ ఇల్లు గడవడానికి చేతిలో డబ్బూ ఉండదు. అందుకే సంతలో షావుకారు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. చూశారా, "గిరిజన రైతుకు గిట్టుబాటు ధర లేదు" అన్న ఒక్క మాట మూడు విడి చిక్కులుగా తేలింది. మిషన్, నీళ్లు, చేతిఖర్చు. మొదటిది ప్రైవేటు చేయగలదు, రెండోది ప్రభుత్వం చేయాలి, మూడోది బ్యాంకో సంఘమో చూసుకోవాలి. భాగస్వామ్యం ఎవరితో అన్నది ఇక్కడే తేలిపోతుంది.

మీ ప్రాంతంలో పసుపో, మిర్చో, చేనేతో, గ్రానైటో ఏదైనా సరే, ఇంత దగ్గరి నుంచి చూడండి. దీనికి కన్సల్టెంటు అక్కర్లేదు. సీజన్‌లో ఓ వారం కాటా దగ్గర కూర్చుంటే చాలు.

రెండో అడుగు: ఎవరికి ఏం కావాలో, ఎవరు ఎన్నాళ్లు ఉంటారో రాసుకోండి

మన్యం కాఫీ చుట్టూ ఉన్నవాళ్లను వరసగా చెబుతాను. పాడేరు ఐటీడీఏ, అంటే ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ, మొక్కలు, పరికరాలు ఇస్తుంది. కాఫీ బోర్డు సాంకేతిక సలహా ఇస్తుంది, చింతపల్లి వైపు ఆర్.వి.నగర్‌లో దాని పరిశోధన కేంద్రం ఉంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, సీజన్‌కు ముందు ధర ప్రకటించి కొంటుంది. సొంత బ్రాండ్‌తో అమ్ముకుంటుంది కూడా. ఇంకోపక్క నాంది ఫౌండేషన్ అండతో చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘం ఏర్పడింది. వాళ్ల కాఫీ 'అరకు' పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం పెట్టేదాకా వెళ్లింది. ఫ్రాన్స్ కేంద్రంగా పనిచేసే లైవ్లీహుడ్స్ ఫండ్ మొక్కలకు ముందే డబ్బు పెట్టింది. ప్రతిఫలంగా దానిలో డబ్బు పెట్టిన కంపెనీలకు దక్కేది ఇరవై ఏళ్ల కార్బన్ క్రెడిట్లు, అంటే ఆ చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు లెక్కగట్టి ఇచ్చే పత్రాలు. చెట్టూ, దాని కాపూ రైతువే. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది.

ఈ జాబితాలో ఒక్కొక్కరి గడియారం ఒక్కోలా తిరుగుతుంది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి అంతకాలం ఒకే కుర్చీలో ఉండడం అరుదు. కంపెనీ మేనేజర్ చూపు మార్చి 31 మీద, ఎమ్మెల్యే చూపు ఐదేళ్ల మీద. కార్బన్ ఫండ్ ఇరవై ఏళ్లు ఆగగలదు. ఎక్కువకాలం ఆగగలిగినవాళ్ల భుజాన ఎక్కువకాలం పట్టే పని పెట్టండి. బదిలీ అయ్యే అధికారి వల్ల త్వరగా అయ్యే పనులు వేరే ఉన్నాయి: జీఓ, స్థలం, కరెంటు లైను, రోడ్డు. ఆయన ఉండగానే అవి పూర్తి చేయించుకోవాలి.

సంతలో షావుకారుని మర్చిపోవద్దు. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ "దళారీ వ్యవస్థ నిర్మూలన" అని ఒక వాక్యం రాస్తారు. కానీ రాత్రి పది గంటలకు పిల్లాడికి జ్వరమొస్తే అప్పిచ్చేది ఆయనే. ఆ పని మీ సంఘం చేయలేకపోతే పంట మళ్లీ ఆయన దగ్గరికే పోతుంది. ఆయనను కొనుగోలు ఏజెంటుగా కలుపుకోవచ్చా, లేక చేతిఖర్చుకు సంఘమే అడ్వాన్సు ఇవ్వగలదా, ముందే తేల్చుకోండి.

మూడో అడుగు: భూమి, చట్టం

ఏజెన్సీలో ఇది మొదటే తెలియాలి. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, అక్కడి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. "ఇలాగైతే పెట్టుబడి ఎలా వస్తుంది" అని చాలామంది అంటారు. కాఫీ విషయంలో జరిగింది చూడండి. తోట కొనుక్కునే దారి మూసుకుపోయింది కాబట్టి బయటి పెట్టుబడి పల్పింగ్ మీద, నాణ్యత మీద, అమ్మకం మీద పెట్టాల్సి వచ్చింది. తోట రైతు చేతిలోనే మిగిలింది. ఆ చట్టం అడ్డంకి కాలేదు, భాగస్వామ్యానికి సరైన రూపమిచ్చింది.

మైదాన ప్రాంతంలో ఈ చిక్కు లేదుగానీ వేరేవి ఉంటాయి. షెడ్డు కట్టబోయే స్థలం అసైన్డ్ భూమా, రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, పంచాయతీ తీర్మానం ఉందా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలా? ఈ నాలుగూ డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) రాయించకముందే చూసుకోండి.

నాలుగో అడుగు: కలిసి పనిచేయడానికి ఒక సంస్థ

ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలన్నా, బ్యాంకు అప్పివ్వాలన్నా, కంపెనీ ఒప్పందం రాసుకోవాలన్నా ఎదురుగా చట్టబద్ధమైన సంస్థ ఒకటి ఉండాలి. మనకున్న దారులు ముఖ్యంగా మూడు. 1995 మాక్స్ చట్టం కింద పరస్పర సహాయక సహకార సంఘం, కనీసం పది మంది రైతులతో ప్రొడ్యూసర్ కంపెనీ, చిన్న పరిశ్రమల వాళ్లయితే ఎస్పీవీ, అంటే ఆ ఒక్క ప్రాజెక్టు కోసమే పెట్టుకునే కంపెనీ. రూపం ఏదైనా ఓటు హక్కు గురించి రెండుసార్లు ఆలోచించండి. ప్రొడ్యూసర్ కంపెనీలో ఎంత వాటా ఉన్నా సాధారణంగా మనిషికి ఒకే ఓటు. ఎస్పీవీలో వాటాను బట్టి ఓటు, కాబట్టి నలుగురు పెద్ద యూనిట్ల వాళ్లు కలిస్తే మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. ఒక్కొక్కరి వాటాకు పది శాతం లాంటి పరిమితి నిబంధనావళిలోనే పెట్టండి.

ప్రభుత్వ వాటా ఉండాలా? పెద్ద ప్రాజెక్టుల్లో ఉంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం, మిగతాది జీఎంఆర్, మలేసియా సంస్థలది. చిన్న క్లస్టర్‌లో, అంటే ఒకే సరుకు చుట్టూ పనిచేసే చిన్న యూనిట్ల గుంపులో, నేనైతే వద్దంటాను. వాటా ఉన్న అధికారి బోర్డు మీటింగుకు రాకపోతే కోరం ఉండదు, వస్తే తీర్మానం ఫైలుగా మారుతుంది. స్థలం లీజు, గ్రాంటు, పర్యవేక్షణ చాలు. ఆహ్వానితుడిగా కూర్చోబెట్టుకోండి.

ఐదో అడుగు: డబ్బు

ఇక్కడ చాలామంది తలకిందులుగా వెళ్తారు. ముందు స్కీము పేరు వింటారు, తర్వాత దానికి తగ్గ ప్రాజెక్టు వెతుకుతారు. ఫలితంగా సబ్సిడీ మిషన్లు వస్తాయి, ఆపరేటర్ ఉండడు, షెడ్డుకు తాళం పడుతుంది. చిక్కు తేలాకే స్కీము వెతకండి.

సంప్రదాయ వృత్తులకు స్ఫూర్తి పథకం ఉంది. 500 మంది వరకు కళాకారులుంటే 2.5 కోట్లదాకా, అంతకు మించితే 5 కోట్లదాకా. చిన్న పరిశ్రమల ఉమ్మడి సౌకర్యాలకు ఎంఎస్ఈ క్లస్టర్ పథకం. పంట కోత తర్వాతి సదుపాయాలకు 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, ఏడేళ్లపాటు. ఆహార శుద్ధి చేసే సూక్ష్మ యూనిట్లకు కేంద్రం పీఎంఎఫ్ఎంఈ పథకం కింద 35 శాతం సబ్సిడీ. వీటి గడువులు, పరిమితులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో నాబార్డ్ జిల్లా అధికారి దగ్గరో తాజా మార్గదర్శకాలు అడిగి తీసుకోండి.

రోడ్డు, నీటి శుద్ధి, ఆస్పత్రి లాంటి పెద్ద పనులకు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ ఉంది. ప్రజలకు అవసరమైనా వ్యాపారంగా గిట్టని పనికి ఆ లోటు పూడ్చే గ్రాంటు అది. కేంద్రం ప్రాజెక్టు వ్యయంలో 20 శాతం దాకా, పైన రాష్ట్రం మరో 20 శాతం దాకా ఇవ్వొచ్చు. 2020లో సవరించాక నీళ్లు, చెత్త, వైద్యం, విద్య లాంటి రంగాలకు ఇది 30, 30 అయింది.

ఎన్ని గ్రాంట్లు వచ్చినా వర్కింగ్ క్యాపిటల్‌కు మాత్రం చాలినంత గ్రాంటు దొరకడం అరుదు. సీజన్ మూడు నెలల్లో పంటంతా కొనడానికి కావాల్సిన డబ్బు, మిషన్ ఖరీదుకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. బ్యాంకు క్యాష్ క్రెడిట్ పరిమితి ఎంతో చేతికి వచ్చాకే ప్రారంభోత్సవం తేదీ పెట్టుకోండి.

ఆరో అడుగు: నష్టం వస్తే ఎవరు కడతారు?

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. లాభం వస్తే ఎంతెంత అన్నది పది నిమిషాల్లో తేలుతుంది. నష్టం సంగతి ఎవరూ ఎత్తరు, శుభమా అని మొదలుపెడుతూ అదేం మాట అంటారు. చివరికి ప్రాజెక్టులు మునిగేది ఆ దగ్గరే.

హైదరాబాద్ మెట్రోకు 2008లో మేటాస్ కన్సార్టియం వేసిన టెండరు గుర్తుందా? మిగతావాళ్లు ప్రభుత్వం నుంచి గ్రాంటు అడుగుతుంటే వీళ్లు ఎదురు తామే 30,311 కోట్లు ప్రభుత్వానికి ఇస్తామన్నారు. మెట్రో నడిపి అంత మిగలడం ఏమిటని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే ప్రశ్నించారు. ఆ లెక్క వెనక ఉన్నది భూముల విలువ. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, ఆ సత్యం రామలింగరాజు కుటుంబానిదే అయిన మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది, జులైలో ఒప్పందం రద్దయింది. కళ్లు చెదిరే టెండరు చూసినప్పుడు ఇంతిస్తున్నారని సంబరపడే ముందు ఎక్కడినుంచి తెచ్చిస్తారని అడగాలి.

2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల గ్యాప్ ఫండింగ్‌తో 35 ఏళ్లకు తీసుకుంది. అప్పటి లెక్క ప్రకారం ఆదాయంలో సగం టికెట్ల నుంచి, 45 శాతం 269 ఎకరాల్లో కట్టే షాపులు, ఆఫీసుల నుంచి, ఐదు శాతం ప్రకటనల నుంచి రావాలి. స్థలాల సేకరణ ఆలస్యమైంది, ఖర్చు పెరిగింది. 2017 నవంబరులో రైలు కదిలింది, 2020లో కరోనా వచ్చి నెలల తరబడి ఆగిపోయింది. రైళ్లు కిటకిటలాడుతున్నా నష్టాలు పోలేదు. చివరకు 2025 సెప్టెంబరులో, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా ప్రాజెక్టును తెలంగాణ ప్రభుత్వమే తీసుకోవడానికి రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. కట్టినవాళ్లు మంచి ఇంజినీర్లే, మెట్రో కూడా బాగుంది. కానీ స్థలం ఆలస్యం, ఖర్చు పెరుగుదల, కరోనా నష్టం, ఇవన్నీ చివరికి ఎవరి ఖాతాలో పడతాయో చూస్తే పన్ను కట్టే మనమే కనిపిస్తాం.

మీ చిన్న ప్రాజెక్టుకు ఒక కాగితం తీసుకుని ఎడమవైపు తప్పు జరగగలిగినవన్నీ రాయండి. వానలు పడలేదు. తెగులొచ్చింది. ధర పడింది. ధర పెరిగింది. షెడ్డు ఆలస్యమైంది. మిషన్ చెడింది. అధికారి మారారు. ప్రభుత్వమే మారింది. గ్రాంటు రెండో విడత రాలేదు. ఒక్కోదాని ఎదురుగా ఒకే ఒక్క పేరు రాయండి. "ఉమ్మడిగా" అన్న మాట వాడొద్దు, ఉమ్మడి అంటే ఎవరూ కట్టరని అర్థం. ఆ నష్టాన్ని ఆపగలిగే శక్తి ఎవరికి ఉందో వాళ్ల పేరే రావాలి. స్థలం ఆలస్యం ప్రభుత్వానిది, మిషన్ చెడితే కంపెనీది, నాణ్యత పడితే సంఘానిది. తెగులు, కరవు ఎవరి చేతిలోనూ ఉండవు, వాటికి బీమానో, ప్రతి కిలో మీదా పక్కన పెట్టిన నిధో ఉండాలి.

"ప్రభుత్వం మారింది" అన్న వరస చూసి నవ్వుకోవద్దు. అమరావతి స్టార్టప్ ఏరియాకు 2017లో సింగపూర్ కన్సార్టియంను స్విస్ చాలెంజ్ పద్ధతిలో, అంటే ఒకరు తెచ్చిన ప్రతిపాదనకు పోటీ ప్రతిపాదనలు పిలిచే పద్ధతిలో, ఎంపిక చేశారు. 2019 నవంబరులో ప్రాజెక్టును మూసేశారు.

ఏడో అడుగు: ఒప్పందంలో ధర

ఎంఓయూ, అంటే అవగాహన పత్రం, ఫోటోకే పనికొస్తుంది. దానితో బ్యాంకు అప్పివ్వదు, కోర్టులోనూ సాధారణంగా నిలవదు. మీకు కావాల్సింది స్టాంపు పేపరు మీద కొనుగోలు ఒప్పందం. అందులో కష్టమైనది ధర క్లాజు.

ఒకే స్థిర ధర రాసుకుంటే రెండువైపులా తెగుతుంది. 2025 మొదట్లో అరబికా ధర న్యూయార్క్ మార్కెట్‌లో పౌండుకు 4 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. అలాంటి ఏడాది పాత ధరకు సంఘానికి ఇచ్చే రైతు ఎవరుంటారు? పక్క వ్యాపారికి అమ్మేస్తాడు, తప్పు పట్టలేం. అదే ఏడాది వేసవిలో చిత్తూరు వైపు తోతాపురి మామిడికి దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. ధర కుప్పకూలితే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం పైన 4 కలుపుతుందని సీజన్ మధ్యలో ప్రకటించారు. లారీలు గేట్ల ముందు బారులు తీరాక పెట్టే సూత్రం అది. కాయ చెట్టుమీద ఉండగానే ఒప్పందంలో ఉండాల్సింది.

నేను సూచించేది ఇలా ఉంటుంది. కనీస ధర ఒకటి, సాగు ఖర్చును బట్టి. దాని పైన మార్కెట్ ధరలో ఇంత శాతం అని అందరికీ కనబడే ఒక సూచీకి ముడి. నాణ్యతకు బోనసు, తేమ శాతం, తాలు శాతం కాటా దగ్గరే చూసి చీటీ మీద రాయాలి. డబ్బు రెండు విడతలుగా ఇవ్వాలి. మొదటిది సరుకు దించిన వారంలోపు, రెండోది సీజన్ ముగిశాక. రెండో విడత సంఘానికే అమ్మినవాళ్లకు మాత్రమే. పక్కకు అమ్ముకోవడాన్ని జరిమానా కంటే ఇది బాగా ఆపుతుంది. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్ అయితే చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు రావాలి, ఆ మాట ఒప్పందంలోనూ రాయించండి.

ఎనిమిదో అడుగు: చెట్టు, నీరు, పురుగు

నిలకడ అన్న మాటకు ఆఖరి పేజీలో ఒక పేరా కేటాయించడం అలవాటైపోయింది. కాఫీలో అది ఖాతా పుస్తకంలోనే ఉంటుంది. నీడ లేకపోతే అరబికా నిలవదు. అందుకే సిల్వర్ ఓక్ వేసి దానికి మిరియం తీగ పాకిస్తారు, కాఫీ ధర పడిన ఏడాది మిరియాలు ఇల్లు నడుపుతాయి. ఒక్క సిల్వర్ ఓకే వేస్తూ పోవడం మీద నాకు అభ్యంతరం ఉంది. పనస, మామిడి, అడవి చెట్లు కలిపితేనే నేలకూ పక్షులకూ మంచిది, రైతుకు రెండో పంటా దొరుకుతుంది.

పల్పింగ్ నీళ్లు ఘాటుగా, పులుపుగా ఉంటాయి. గెడ్డలోకి వదిలితే కింది ఊరి తాగునీరు పోతుంది. నీటి శుద్ధి గుంటకు డబ్బు డీపీఆర్‌లో లేకపోతే ఆ డీపీఆర్ వెనక్కి పంపండి. ఇక కాయ తొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతంలో బయటపడింది. దాన్ని ఆపాలంటే నేల మీద రాలిన కాయ ఒక్కటీ మిగలకుండా ఏరాలి, సోకిన కాయలను నాశనం చేయాలి. ఆదాయం లేని ఆ పనికి రైతుకు పరిహారం ఇవ్వడం ప్రభుత్వ వంతు. ఒక తోట వదిలేస్తే పక్క కొండ మొత్తానికి పాకుతుంది మరి.

తొమ్మిదో అడుగు: రోజూ నడపడం

జీతం తీసుకునే మేనేజర్ ఒకరు ఉండాలి. గౌరవ అధ్యక్షులు ఎందరున్నా ఫోన్ ఎత్తేది ఆయనే. నెలకోసారి మీటింగు, తేదీ మారకూడదు, ఐటీడీఏ నుంచి హోదా ఉన్నవాళ్లు రావాలి. ఎంత కొన్నాం, ఎంతకు కొన్నాం, ఎవరికి ఎంత బాకీ, ఈ మూడు అంకెలూ సంఘం ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో, గ్రామసభలో నోటితో. మీటింగు నిర్ణయాలు అదే రోజు అందరి సంతకాలతో రెండు ప్రతులు చేసి ఒకటి కలెక్టరేట్ ఫైల్లో పెట్టించండి. కొత్త అధికారి వచ్చినప్పుడు మీరు చెప్పే కథ కంటే ఆ ఫైలే ఎక్కువ మాట్లాడుతుంది.

మూడేళ్లు దాటాక ఒప్పందం తిరగరాసే మీటింగు ఒకటి ముందే తేదీతో పెట్టుకోండి. అందులో అడగాల్సినవి: గ్రాంటు లేకుండా ఈ ఏడాది జీతాలు, కరెంటు బిల్లు వచ్చాయా? కొనుగోలుదారు ఒక్కరేనా, ఇంకొకరు దొరికారా? కంపెనీ రేపు తప్పుకుంటే మిషన్లు ఎవరి పేరు మీద ఉంటాయి? చివరిదానికి జవాబు సంఘం పేరు కాకపోతే, సంతకం పెట్టేముందు ఆ ఒక్క క్లాజు మార్పించుకోండి.